ముప్పై రోజుల లెక్క

ప్రశ్న: వకీలు గారికి నమస్కారాలు. మాది సఖినేటిపల్లి వైపు కాలువ శివారు ఊరు. ఎకరం ముప్పై సెంట్ల వరి చేను ఉంది. పక్క చేనును రొయ్యల చెరువుగా తవ్వేశారు. 2019 దాళ్వాలో ఆ చెరువు ఉప్పునీరు మా బోదెలోకి వదిలారు. మా వారు పార పట్టుకుని తూము మూయడానికి వెళ్ళారు. గట్టు మీద మాటా మాటా పెరిగింది. చెరువు యజమాని పార లాక్కోబోయాడని, ఆ పెనుగులాటలో అతని ఎడమ మణికట్టుకు దెబ్బ తగిలిందని మా వారు చెబుతారు. కావాలనే నరికాడని వాళ్ళు కేసు పెట్టారు. 326 సెక్షన్ అన్నారు. ఆరేళ్ళు వాయిదాలకు తిరిగాక పోయిన నెల 28న రెండేళ్ళ జైలు, 5,000 రూపాయల జరిమానా వేశారు. జరిమానా కట్టాం. అప్పీలు చేసుకోవడానికి 30 రోజులు బెయిలు ఇచ్చి పంపారు. అప్పీలుకు వెళితే శిక్ష పెరుగుతుందని మా పెద్ద మామగారు భయపెడుతున్నారు. నేరుగా హైకోర్టుకే వెళ్ళమని మా అన్నయ్య అంటున్నాడు. గొడవను మా మేనల్లుడు ఫోనులో తీశాడు గానీ, ఆ వీడియోను కోర్టులో వేయలేదు. పాత లాయరు గారు బాకీ ఫీజు 12,000 ఇస్తేనే ఫైలు ఇస్తానంటున్నారు. ఇప్పుడేమో చెరువు వాళ్ళే రాజీకి వస్తామని కబురు పంపారు. మాకు దిక్కు తోచడం లేదు.
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఫోను నంబరు ఉండబట్టి సరిపోయింది. పత్రిక అచ్చయ్యే దాకా ఆగితే మీ గడువు కాస్తా గోదావరిలో కలిసేది. అత్యవసరమైన నాలుగు ముక్కలు ఫోనులో చెప్పాను. మిగిలినది ఇక్కడ తీరికగా రాస్తున్నాను. ఇటువంటి చిక్కులో ఉన్నవారు మీరొక్కరే కారు.

ముందు ఆ 30 రోజుల సంగతి. మీ దగ్గర ఉన్నది ఒక 30 కాదు, రెండు. మొదటిది అప్పీలు గడువు. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు వెళ్ళడానికి 1963 లిమిటేషన్ చట్టం 30 రోజులు ఇచ్చింది. అందులో తీర్పు చెప్పిన రోజును లెక్క పెట్టరు. తీర్పు నకలు తయారు కావడానికి పట్టిన రోజులనూ తీసేస్తారు. చివరి రోజు కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజున వేయవచ్చు. ఇంత వెసులుబాటు ఉంది. రెండోది బెయిలు గడువు. బెయిలు మీద ఉన్న ముద్దాయికి మూడేళ్ళకు మించని శిక్ష పడి, అప్పీలు చేసుకుంటానని అతను చెబితే, శిక్ష వేసిన కోర్టే అతన్ని కొన్ని రోజులు బెయిలు మీద పంపుతుంది. ఈ గడువుకు నకలు రోజులు కలిసివస్తాయని, పండుగ సెలవులు కలిసివస్తాయని ఆశ పెట్టుకోకండి. ఉత్తర్వులో ఏ తేదీ ఉంటే అదే తేదీ. ఆ లోపల పై కోర్టు నుంచి శిక్ష నిలుపుదల ఉత్తర్వు మీ చేతికి రావాలి. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు. అప్పీలు వేశాం కదా అని ధీమాగా ఇంట్లో కూర్చున్న మనిషిని వారంటు మీద తీసుకెళ్ళడం నా కళ్ళతో చూశాను. అప్పటికి అతని అప్పీలుకు నంబరు కూడా పడింది. నిలుపుదల పిటిషన్ మాత్రం గుమస్తా బల్ల మీదే ఉండిపోయింది. కాబట్టి అప్పీలు, నిలుపుదల పిటిషన్ ఒకే రోజున, గడువుకు కనీసం వారం ముందు పడాలి. జామీనుదారులు ఇద్దరిని ఇంటి పన్ను రసీదులతో, ఆధార్ కార్డులతో సిద్ధంగా ఉండమనండి. రేవులో పంటు అందలేదు, అందుకే ఆలస్యమైందని చెబితే ఎంత నిజమైనా వినడానికి బాగుండదు.

గడువు దాటితే అంతా పోయినట్టేనా అని అడిగేవారుంటారు. పోదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం అదే చట్టం ఐదో సెక్షన్‌లో ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. అప్పుడు ఐ.పోలవరం వైపు నుంచి నాకొక కక్షిదారు ఉండేవాడు. తీర్పు నకలును ట్రంకు పెట్టెలో భద్రంగా దాచుకున్నాడు. ఇంటి పైకప్పు ఎగిరిపోయింది, పెట్టెలోకి నీళ్ళు చేరాయి, నకలు మీద సిరా అంతా కరిగి పాకింది. గడువు దాటిన 17 రోజులకు ఆ ముద్దను నా బల్ల మీద పెట్టాడు. రోజు రోజుకూ కారణం రాసి అఫిడవిట్ వేశాను. ప్రాసిక్యూటరు గారు లేచి, అభ్యంతరం లేదని కూర్చున్నారు. ఆయన ఇంటి పెంకులూ ఆ రాత్రే లేచిపోయాయి. జడ్జి గారు ఆలస్యాన్ని మన్నించారు. ఆ అప్పీలు చివరికి ఓడిపోయాననుకోండి, అది వేరే సంగతి.

మీ అన్నయ్య గారి సలహా ప్రేమతో చెప్పినదే గానీ, దారి అది కాదు. మేజిస్ట్రేటు వేసిన శిక్షకు అప్పీలు సెషన్స్ కోర్టులోనే. జిల్లా జడ్జి గారు దాన్ని అదనపు జిల్లా జడ్జి గారికి పంపవచ్చు. సెషన్స్ జడ్జి గాని, అదనపు సెషన్స్ జడ్జి గాని విచారించి శిక్ష వేసిన కేసులు, ఏ కోర్టయినా ఏడేళ్ళకు మించి శిక్ష వేసిన కేసులు నేరుగా హైకోర్టుకు వెళతాయి. సెషన్స్ కోర్టులోనూ ఓడితే అప్పుడు హైకోర్టులో రివిజన్ ఉంటుంది. అక్కడ సాక్ష్యాన్ని మళ్ళీ మొదటి నుంచి తూచరు, కింది కోర్టులు చట్టం తప్పాయా అన్నదే ముఖ్యంగా చూస్తారు. సాక్ష్యం మొత్తాన్ని తిరగేసి చదివే అవకాశం మీకు ఒక్క సెషన్స్ కోర్టులోనే దొరుకుతుంది. దాన్ని దాటవేసి హైకోర్టు ఉన్న నేలపాడు దాకా పరుగెత్తడం ఎందుకు? సెక్షన్ నంబర్లు చూసి కూడా కంగారు పడకండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. మీ గొడవ 2019లో జరిగింది కాబట్టి నేరానికి పాత ఐపీసీ సెక్షన్లే. అప్పీలు హక్కు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 374వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 415. హక్కు అదే.

మీ పెద్ద మామగారి భయం గురించి. కోర్టు ఎదుట టీ దుకాణంలో ఉచితంగా దొరికే న్యాయశాస్త్రం ఇది. ముద్దాయి ఒక్కడే వేసుకున్న అప్పీలులో శిక్షను పెంచే అధికారం ఆ కోర్టుకు లేదు. తగ్గించవచ్చు, సెక్షన్ మార్చవచ్చు, కొట్టివేయవచ్చు, మళ్ళీ విచారించమని కింది కోర్టుకు తిప్పి పంపవచ్చు. పెంచాలంటే ప్రభుత్వం తన అప్పీలు తాను వేసుకోవాలి, అప్పుడు కూడా మీ వారికి నోటీసు ఇచ్చి వినాలి. శిక్ష చాలలేదంటూ దెబ్బ తిన్న వ్యక్తి అప్పీలు చేయలేడని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ఫోనులో 20 నిమిషాలు మాట్లాడారు. అందులో 18 నిమిషాలు చెరువు వాళ్ళు ఎంత చెడ్డవాళ్ళో చెప్పారు. మీ కోపం న్యాయమైనదే కావచ్చు. అయితే అప్పీలు కోర్టులో మీ వారు బోనెక్కరు, సాక్షులు రారు, బోదె గట్టు ఎవరికీ కనపడదు. జడ్జి గారి ముందు ఉండేది ఒక కాగితాల కట్ట. కింది కోర్టులో ఎవరు ఏం చెప్పారో, ఏ కాగితానికి ఏ గుర్తు వేశారో అంతే. కథ మళ్ళీ చెప్పడానికి కాదు మీరు వెళుతున్నది, ఆ కట్టను సరిగ్గా చదివించడానికి. కాబట్టి లాయరు దగ్గరకు వెళ్ళే ముందు కట్టను పూర్తిగా సంపాదించండి. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. సాక్షుల వాంగ్మూలాలు, గాయం సర్టిఫికెట్, ఎఫ్ఐఆర్, స్థల స్కెచ్, మీ వారిని జడ్జి గారు ప్రశ్నించి రాసుకున్న కాగితం, వీటన్నిటికీ నకలు దరఖాస్తు ఈ వారమే పెట్టండి.

స్కెచ్ అన్నందుకు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట నేను చేసిన ఒక అప్పీలులో ప్రధాన సాక్షి తన పశువుల పాకలో నుంచి గొడవంతా చూశానన్నాడు. కట్ట మొత్తం మూడుసార్లు చదివాను. నాకేమీ దొరకలేదు. మా గుమస్తా రైతు బిడ్డ. స్కెచ్ చూస్తూ, ‘ఇక్కడ గడ్డిమేటు రాశారు కదండీ, కోతలైన నెలలో మేటు ఎంత ఎత్తుంటుంది?’ అన్నాడు. పాకకూ గొడవ జరిగిన చోటుకూ మధ్య పోలీసులే గీసిన గడ్డిమేటు నిలువునా ఉంది! కింది కోర్టులో దాని గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. స్కెచ్ ప్రాసిక్యూషన్ వారి సొంత కాగితం కాబట్టి కాదనలేకపోయారు. ఆ ముద్దాయి ఇంటికి వెళ్ళాడు. ఆ రోజు నుంచి మా గుమస్తా టీ డబ్బులు నేనే ఇస్తున్నాను.

మీ కేసులో నేనయితే మొదట డాక్టరు గారి వాంగ్మూలం తెరుస్తాను. 326 నిలబడాలంటే రెండు ఉండాలి. గాయం తీవ్రమైనదై ఉండాలి, అది ప్రమాదకరమైన ఆయుధంతో కావాలని చేసినదై ఉండాలి. తీవ్రమైనది అనడానికి మీ కేసులో ఆధారం మణికట్టు ఎముక విరిగిందన్నదే. డాక్టరు గారు ‘విరిగింది’ అని రాసింది చేత్తో తడిమి చూసా, ఎక్స్‌రే చూసా? ఎక్స్‌రే ఫిల్మును కోర్టులో చూపి గుర్తు వేయించారా? తీసిన డాక్టరును సాక్షిగా పిలిచారా? ఇవేవీ లేకపోతే ఎముక విరిగిందన్న మాట వట్టి మాటగా మిగిలే అవకాశం గట్టిగానే ఉంది. తరువాత పార. పదును వైపు తగిలితే కోసిన గాయం ఉండాలి. మడమ వైపో కర్రో తగిలితే కమిలిన గాయం ఉంటుంది. నరికాడని సాక్షి చెప్పి, కమిలిన గాయమని డాక్టరు రాస్తే, ఆ రెండూ ఒకే దెబ్బను చెప్పడం లేదు. 326కు పదేళ్ళు లేదా యావజ్జీవం దాకా శిక్ష ఉంది, ఆయుధం లేని తీవ్ర గాయానికి 325లో ఏడేళ్ళ దాకా, ఆయుధంతో చేసిన మామూలు గాయానికి 324లో మూడేళ్ళ దాకా. సెక్షన్ ఒక మెట్టు దిగినా శిక్ష మాట మారిపోతుంది.

ఇంకొకటి మిమ్మల్ని అడిగాను, మీరు జవాబు చెప్పడానికి కొంచెం సంకోచించారు. సాక్ష్యం అయ్యాక జడ్జి గారు ప్రశ్నించినప్పుడు మీ వారు అన్నిటికీ ‘అబద్ధం’ అని, చివర ‘నాకేమీ తెలియదు’ అని చెప్పారట. అలా చెప్పమని ఎవరో అన్నారట. ఇప్పుడేమో పెనుగులాట అంటున్నారు. ఈ రెండు మాటలు పొసగవు. ప్రాసిక్యూటరు గారు మొదట పట్టుకునేది ఇదే. అయినా దారి మూసుకుపోలేదు. ఆస్తిని కాపాడుకోవడానికి చట్టం ఇచ్చిన ఆత్మరక్షణ హక్కును ముద్దాయి నోటితో చెప్పకపోయినా, రికార్డులో దానికి ఆధారం ఉంటే కోర్టు చూడవచ్చు. తూము తెరిచి ఉందని, ఉప్పునీరు మీ చేలోకి వస్తోందని ప్రాసిక్యూషన్ సాక్షుల్లో ఎవరైనా మీ లాయరు వేసిన క్రాస్ ప్రశ్నలకు ఒప్పుకున్నారేమో వరుసగా చదవండి. ఒప్పుకుంటే ఆ పేజీ మూల మడవండి. మీ వారిని అసలు అడగని విషయం ఏదైనా తీర్పులో వారికి వ్యతిరేకంగా వాడారేమో కూడా చూడాలి. అడగనిదాన్ని ఆధారం చేసుకుని శిక్ష వేయకూడదు.

వీడియో మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. అప్పీలులో కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం ఉంది గానీ, కింది కోర్టులో మరిచిపోయిన పనిని పూర్తి చేసుకోవడానికి దాన్ని ఇవ్వరు. ఆరేళ్ళు ఎందుకు వేయలేదన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఉండాలి. అయినా ఆ ఫోనును పదిలంగా ఉంచండి. మేనల్లుడు దాన్ని అమ్మడం, వీడియోను కత్తిరించి బంధువులకు పంపడం చేయకూడదు. ఫోను సొంతదారే ఆ ఫోనుతో వచ్చి సాక్ష్యం చెబితే విడిగా సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వేరే పరికరంలోకి నకలు తీసి ఇస్తే సర్టిఫికెట్ తప్పదు. ఇంకో మాట. ఆ వీడియోను మీ లాయరు ముందుగా పూర్తిగా చూడాలి. మనకు పనికొస్తుందనుకున్న వీడియోలో మన మనిషే పార ఎత్తుతూ కనిపించిన సందర్భం నాకు అనుభవమే.

రాజీ కబురు వచ్చిందంటే నాకు సంతోషమే. గట్లు పక్కపక్కన ఉన్నవాళ్ళు ఎప్పటికీ పక్కపక్కనే ఉండాలి కదా. అయితే 326 రాజీకి వీల్లేని సెక్షన్. అప్పీలులో అది 325గా మారితే, కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది. మారకపోయినా, ఇరువైపులా కక్షలు పోయాయన్న సంగతిని శిక్ష తగ్గించేటప్పుడు కోర్టులు పట్టించుకుంటాయి. కాబట్టి రాజీ మాట నడవనివ్వండి, అప్పీలు మాత్రం ఆపకండి. ‘రాజీ అవుతున్నాం కదా, అప్పీలు ఎందుకు’ అని ఎవరైనా అంటే ఆ మనిషి ఎవరి తరఫు అన్నది ఒకసారి ఆలోచించుకోండి. డబ్బు ఊరి పెద్దల సమక్షంలో ఇప్పుడే చేతులు మారకూడదు.

పాత లాయరు గారి సంగతి. ఫీజు బాకీ ఉంటే ఆయన వసూలు చేసుకోవడానికి వేరే దారులున్నాయి. దాని కోసం కక్షిదారు కాగితాలను అట్టిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని 2000లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ మాట మర్యాదగా ఆయనతో అనండి. అయితే ఆయన ఆరేళ్ళు మీ వాయిదాలకు నిలబడ్డారు. వీలైనంత ఇచ్చి, కొత్త వకాలత్తుకు అభ్యంతరం లేదని సంతకం తీసుకోండి. ఎక్కడ ఏ సాక్షి తడబడ్డాడో రికార్డు చెప్పనిది ఆయనకు గుర్తుండవచ్చు. కొత్త లాయరును ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: రెండోసారి వెళ్ళేసరికి ఆయన కట్ట చదివి ఉండాలి. పేజీ నంబరు చెప్పకుండా ‘కొట్టించేస్తాను’ అనేవారు మీకు వద్దు.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర. మా తమ్ముడికి సెషన్స్ కోర్టులో పదేళ్ళ శిక్ష పడి రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉన్నాడు. రెండేళ్ళయింది. డబ్బు లేక అప్పీలు చేయలేదు. ఇప్పుడు వీలవుతుందా?

జవాబు: వీలవుతుంది, ఈసారి ములాఖాత్‌కు వెళ్ళినప్పుడే మొదలుపెట్టండి. జైల్లో ఉన్న మనిషి తన అప్పీలును జైలు అధికారి చేతికే ఇవ్వవచ్చు. వారు దాన్ని హైకోర్టుకు పంపాలి. హైకోర్టుకు గడువు 60 రోజులు, అది దాటింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ జత చేయాలి. ఖర్చు గురించి బెంగ వద్దు. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఉచితంగా లాయరును ఇస్తారు. మీ కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా కమిటీకి దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోను చేయండి. ఖైదీకి తీర్పు నకలు ఉచితంగా అందాలని, అప్పీలుకు న్యాయ సహాయం అందాలని సుప్రీంకోర్టు 1978లోనే హోస్కట్ కేసులో చెప్పింది. ఉచిత లాయరు రాకపోతే అప్పీలు కొట్టేస్తారేమోనన్న భయమూ అక్కర్లేదు. లాయరు హాజరు కాలేదన్న ఒక్క కారణంతో క్రిమినల్ అప్పీలును కొట్టేయకూడదని, రికార్డు చూసి తేల్చాలని 1996లో బానీ సింగ్ కేసులో చెప్పారు. అప్పీలుతోపాటు శిక్ష నిలుపుదల కూడా అడగండి. పదేళ్ళ శిక్ష కాబట్టి ప్రభుత్వ న్యాయవాదికి అవకాశం ఇచ్చాకే ఉత్తర్వు వస్తుంది, కొంత జాప్యం తప్పదు. తీర్పుకు ముందు మీ తమ్ముడు రిమాండులో గడిపిన రోజులు శిక్షలో తగ్గాయో లేదో జైలు రికార్డులో ఒకసారి చూడమనండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఒక కొట్లాట కేసులో ఆరు నెలల శిక్ష పడింది. అప్పీలులో శిక్ష నిలుపుదల వచ్చింది. అయినా చర్య తీసుకుంటామని మా శాఖ నోటీసు ఇచ్చింది. ఇది చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. నిలిచింది మీ శిక్ష, మీరు దోషి అన్న నిర్ణయం కాదు. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, క్రిమినల్ కేసులో దోషిగా తేలిన ప్రవర్తన ఆధారంగా శాఖ విడిగా విచారణ జరపకుండానే చర్య తీసుకోవచ్చు. అప్పీలు పెండింగులో ఉందన్నది దానికి అడ్డు కాదు. దోష నిర్ణయాన్ని కూడా నిలిపివేయమని అప్పీలు కోర్టును విడిగా అడగవచ్చు. అటువంటి అధికారం ఉందని 1995లో రామా నారంగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, కోర్టులు దాన్ని అరుదుగానే వాడతాయి. ఉద్యోగం పోతుందన్నంత మాత్రాన సరిపోదు. తరువాత అప్పీలు గెలిచినా తీరని నష్టం ఏమిటో పిటిషన్‌లో విప్పి రాయాలి. ఈలోగా నోటీసుకు గడువు లోపల జవాబివ్వండి. గొడవకూ మీ ఉద్యోగ విధులకూ సంబంధం లేదని, ఇప్పటి వరకు మీ సర్వీసు రికార్డులో మచ్చ లేదని రాయండి. చర్య తీసుకున్నా పూర్తిగా తొలగించకుండా చిన్న శిక్షతో సరిపెట్టమని కోరండి. అప్పీలు నంబరు, నిలుపుదల ఉత్తర్వు నకలు దానికి జత చేసి, ఇచ్చినట్టు కార్యాలయంలో ముద్ర వేయించుకోండి.